హీట్ పంపు కొనేముందు వేన్నీళ్ళ బకెట్లు లెక్కపెట్టండి

తిరుపతిలో సొంత ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఈ అనుభవం ఉంటుంది. దర్శనానికి బయలుదేరిన చుట్టాలు ముందురోజు రాత్రి మన ఇంట్లో దిగుతారు, తెల్లవారుజామున 3 గంటలకే లేచి ఒకరి తరువాత ఒకరు స్నానాలకు వెళ్తారు, 15 లీటర్ల గీజరు రెండు బకెట్లకే చల్లబడిపోతుంది, మూడో మనిషి తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఈ ఇబ్బంది తీరడానికి కొందరు స్నానాలగదికి ఒక గీజరు చొప్పున పెట్టించుకున్నారు, కొందరు మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించుకున్నారు. ఈమధ్య ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు మూడో దారిగా హీట్ పంపు గురించి అడుగుతున్నారు. అమ్మేవాళ్ళు కరెంటు ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుందని చెబుతారు, పెట్టించుకున్నవాళ్ళలో కొందరు బిల్లేమీ తగ్గలేదని వాపోతారు. ఈ రెండు మాటలూ నిజమే కావచ్చు. ఎవరి ఇంట్లో ఏ మాట నిజమవుతుందన్నది యంత్రం కంటే ఎక్కువగా ఆ ఇంటి వేన్నీళ్ళ వాడకం మీద, బిగించిన తీరు మీద ఆధారపడి ఉంటుంది.

హీట్ పంపును నీళ్ళు కాచే యంత్రంగా కాక, వేడిని ఒకచోటి నుంచి మరొకచోటికి మోసే యంత్రంగా చూస్తే సగం చిక్కు విడిపోతుంది. గీజరులోని కాయిలు కరెంటునే వేడిగా మారుస్తుంది, కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి వస్తుంది, ఎంత ఖరీదైన గీజరైనా అంతకు మించి ఇవ్వలేదు. ఫ్రిజ్ వెనుక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అది లోపల పెట్టిన పాలలోంచి, కూరగాయల్లోంచి బయటికి లాగిన వేడి. హీట్ పంపు చేసేదీ అదే పని, కాకపోతే ఇక్కడ పాల స్థానంలో మిద్దె మీది గాలి ఉంటుంది, ఫ్రిజ్ వెనుక గోడ స్థానంలో ట్యాంకులోని నీళ్ళు ఉంటాయి. చల్లటి గొట్టంలో ప్రవహించే రిఫ్రిజెరెంటు ద్రవం ఫ్యాను తోలే గాలి నుంచి వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది, కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, ఆ వేడి ఆవిరి ట్యాంకు చుట్టూ తిరిగి తన వేడిని నీళ్ళకు ఇచ్చి మళ్ళీ ద్రవమవుతుంది. ఇందులో కరెంటు ఖర్చయ్యేది కంప్రెసరుకూ ఫ్యానుకూ మాత్రమే. నీళ్ళకు చేరే వేడిలో ఎక్కువ భాగం గాలిదే. ఈ సూత్రంతో తక్కువ ఇంధనంతో ఇళ్ళను వెచ్చబెట్టవచ్చునని 1852లోనే విలియం థామ్సన్, అంటే తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్ అయిన శాస్త్రవేత్త, ప్రతిపాదించాడు.

ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి నీళ్ళకు చేరుతుందో చెప్పే అంకెను సీఓపీ అంటారు. అది 3.5 అని ఉంటే, ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడున్నర యూనిట్ల వేడి ఇస్తుందన్నమాట. అయితే ఈ అంకె స్థిరమైనది కాదు. గాలికీ నీళ్ళకీ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, బావి లోతు పెరిగేకొద్దీ చేదడం కష్టమైనట్టు. కాబట్టి కరపత్రంలో సీఓపీ కనిపించినప్పుడు, ఎంత వెచ్చటి గాలిలో, నీళ్ళను ఎంత వేడి వరకు కాచినప్పుడు ఆ అంకె వచ్చిందో తప్పక అడగాలి. 55 డిగ్రీల వరకు కాచినప్పటి అంకెనూ 45 డిగ్రీల వరకు కాచినప్పటి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

హీట్ పంపుల గురించి మనకు దొరికే సమాచారంలో చాలా భాగం చలిదేశాల కోసం రాసింది. అక్కడ ఈ యంత్రం చేత చేయించే మొదటి పని గదులను వెచ్చబెట్టడం. అందుకే గోడలనుంచి ఎంత వేడి పోతుంది, గదిలో రేడియేటర్లు ఎంత పెద్దవి ఉండాలి, సున్నా కంటే దిగువ చలిలో గొట్టం మీద పేరుకునే మంచును యంత్రం ఎలా కరిగించుకుంటుంది అన్న చర్చే అందులో నిండి ఉంటుంది. మనకు అవేవీ అక్కరలేదు. తిరుపతిలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి వచ్చినా 15 లోపుకు దిగడం అరుదు. పలమనేరు, కుప్పం వైపు చలి కొంత ఎక్కువే అయినా అక్కడ కూడా యంత్రం మీద మంచు కట్టేంత పరిస్థితి రాదు. మన మిద్దె మీది గాలిలో ఏడాది పొడవునా కావలసినంత వేడి ఉంది. ఈ ఊళ్ళో హీట్ పంపు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు సులభం, బాగా పనిచేస్తుంది. ఆ పనికి మీ ఇంట్లో లక్ష రూపాయల విలువ ఉందా అన్నదే ఆలోచించవలసిన ప్రశ్న.

లెక్క మొదలయ్యేది బకెట్ దగ్గర

ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోకేలరీలు ఉంటాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఎవరి లెక్క వాళ్ళు కాగితం మీద వేసుకోవచ్చు.

మనం స్నానం చేసే నీళ్ళు సుమారు 40 డిగ్రీలు ఉంటాయి. ట్యాంకులో 55 డిగ్రీల వేన్నీళ్ళు, కొళాయిలో 25 డిగ్రీల చన్నీళ్ళు ఉన్నాయనుకుంటే, 20 లీటర్ల బకెట్‌కు సగం అవి, సగం ఇవి కలిపితే సరిపోతుంది. అంటే బకెట్‌కు 10 లీటర్ల వేన్నీళ్ళు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రెండు బకెట్ల చొప్పున రోజుకు 100 లీటర్లు. వాటిని 30 డిగ్రీలు పెంచడానికి 3,000 కిలోకేలరీలు, అంటే దాదాపు మూడున్నర యూనిట్లు కావాలి. గీజరుతో అయితే దాని ఒంటి వేడి వృథా కూడా కలుపుకుని రోజుకు సుమారు 3.7 యూనిట్లు అవుతుంది.

హీట్ పంపు విషయంలో ఆ మూడున్నరను నేరుగా 3.5తో భాగించి ఒక యూనిటే అని చెప్పేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. గీజరును స్నానానికి ముందు 20 నిమిషాలు వేసి ఆపేస్తాం, కానీ 200 లీటర్ల ట్యాంకు రాత్రింబగళ్ళు వేడిగానే ఉంటుంది, ఎంత మంచి పొర చుట్టినా రోజుకు ఒకటీ ఒకటింబావు యూనిట్ల వేడి బయటికి పోతూనే ఉంటుంది. దాన్ని కూడా కలిపి భాగిస్తే రోజుకు 1.3 యూనిట్లు తేలుతుంది. మిగులు రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 70 యూనిట్లకు కాస్త పైన.

ఈ 70 యూనిట్ల విలువ మీ శ్లాబును బట్టి ఉంటుంది. 2022లో ప్రకటించిన గృహ వినియోగ ధరల ప్రకారం నెలకు 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. వాడకం తగ్గినప్పుడు ముందుగా కోతపడేది పై శ్లాబులోని యూనిట్లే. నెలకు 300 యూనిట్లు వాడే ఇంట్లో ఆ 70 యూనిట్లకు సుమారు 600 రూపాయలు మిగులుతాయి, 180 యూనిట్ల ఇంట్లో 400 చిల్లర. పైగా మార్చి నుంచి జూన్ దాకా మన ఊళ్ళో వేన్నీళ్ళ అవసరమే ఉండదు. మే నెల సాయంత్రం కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళే చెయ్యి కాలుస్తాయి. కాబట్టి ఏడాదికి ఎనిమిది నెలలే లెక్కలోకి వస్తాయి. అంటే మొదటి ఇంట్లో ఏడాదికి 5,000 రూపాయలు. 150 నుంచి 200 లీటర్ల హీట్ పంపు బిగింపుతో కలిపి లక్ష రూపాయలకు అటూఇటూగా పడుతుంది. యంత్రం బాగా నడిస్తే 10 నుంచి 15 ఏళ్ళు ఉంటుంది. అయిదుగురి ఇంట్లో, డబ్బు లెక్క ఒక్కటే చూసేవాళ్ళకు, అది పెట్టిన డబ్బును తిరిగి ఇవ్వదు. ఈ మాట చెప్పకుండా యంత్రం గొప్పతనం మాత్రమే చెప్పడం చదివేవాళ్ళకు న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇదే లెక్కను ఉమ్మడి కుటుంబానికో, పైన రెండు వాటాలు అద్దెకిచ్చి వేన్నీళ్ళు కూడా యజమానే ఇచ్చే ఇంటికో వేయండి. రోజుకు 300 లీటర్ల వేన్నీళ్ళు వాడితే మిగులు నెలకు 220 యూనిట్లు దాటుతుంది, అవన్నీ 8.75, 9.75 ధరల్లో పడతాయి. ఏడాదికి 16,000 రూపాయల దాకా మిగిలితే, అయిదారు గీజర్లు కొనే ఖర్చు తప్పించుకున్నామన్నది కూడా కలుపుకుంటే, ఏడెనిమిదేళ్ళలో యంత్రం ఖరీదు తీరుతుంది. ఇక యాత్రికులకు గదులిచ్చే లాడ్జీలు, హోంస్టేల సంగతి పూర్తిగా వేరు. రోజుకు 2,000 లీటర్లు కాచే చోట 45 యూనిట్లకు పైగా మిగులుతుంది, వాణిజ్య కనెక్షన్ కాబట్టి యూనిట్ ధర 10 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి చోట గదికొక గీజరు పెట్టడం కంటే ఖరీదైన పని ఇంకొకటి లేదు.

సోలార్ ఉండగా ఇది ఎందుకు

ఈ ప్రశ్న న్యాయమైనదే. 200 లీటర్ల సోలార్ హీటరు హీట్ పంపులో సగం ఖర్చు కూడా కాదు, ఎండ రోజుల్లో దానికి కరెంటే అక్కరలేదు. రాయలసీమ ఎండల్లో అది పనిచేయకపోవడమేమిటని అనిపిస్తుంది. అయితే క్యాలెండరు చూడాలి. మనకు వాన ఎక్కువగా తెచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం వెనుక అల్పపీడనం వస్తుంది, వరసగా నాలుగైదు రోజులు సూర్యుడు కనిపించడు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు ఎవరూ మరచిపోలేదు. వేన్నీళ్ళు మరీ అవసరమయ్యే రోజులూ, సోలార్ ప్యానెల్ చల్లగా పడి ఉండే రోజులూ ఒకటే అవుతాయి. అప్పుడు సోలార్ ట్యాంకులో ఉన్న విద్యుత్ కాయిలును వేసుకోవలసిందే, అంటే 200 లీటర్ల గీజరును నడిపినట్టే.

హీట్ పంపుకు ఆ వానరోజులు మంచి రోజులే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ తేమ చల్లటి గొట్టం మీద నీటిబొట్లుగా మారుతుంది, ఆవిరి నీరవుతూ విడిచే వేడి కూడా యంత్రానికి దక్కుతుంది. యంత్రం అడుగునుంచి సన్నని గొట్టంలో చుక్కలు పడటం మామూలు విషయమే, అది లీకేజీ కాదు.

కాబట్టి నా సలహా ఇది. సొంత మిద్దె, దాని మీద నీడ పడని చోటు, నలుగురైదుగురు మనుషులు ఉన్న ఇంటికి ఇప్పటికీ సోలార్ హీటరే మొదటి ఎంపిక, వానరోజుల కోసం ఒక చిన్న గీజరు పక్కన ఉండాలి. అపార్టుమెంట్లలో మిద్దె అందరిదీ కావడం వల్ల, పక్కన ఎత్తయిన కట్టడాలు లేచి నీడ పడటం వల్ల, మిద్దెనంతా కరెంటు తయారుచేసే సోలార్ పలకలతో నింపుకోవడం వల్ల సోలార్ హీటరుకు చోటు లేని ఇళ్ళకు హీట్ పంపు నిజంగా పనికొస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల రాయితీ వస్తోంది కాబట్టి ఈ మూడో రకం ఇళ్ళు మన వీధుల్లో పెరుగుతున్నాయి. వాళ్ళు టైమరును మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పెట్టుకోవడం మేలు. పలకలు ఇచ్చిన కరెంటును మనం వాడిన కరెంటులోంచి తీసేసి లెక్కకట్టే నెట్ మీటరు ఉన్నచోట ఏ గంటలో వాడినా లెక్క ఒకటే కదా అని అడగవచ్చు; నిజమే, కానీ మధ్యాహ్నం గాలి తెల్లవారుజాము గాలికంటే 8, 10 డిగ్రీలు వెచ్చగా ఉంటుంది కాబట్టి అదే పని తక్కువ కరెంటుతో అవుతుంది. మధ్యాహ్నం 3 గంటలకు 55 డిగ్రీలున్న నీళ్ళు, ట్యాంకు మంచిదైతే, మర్నాడు తెల్లవారి 5 గంటలకు 52 డిగ్రీల వరకు నిలుస్తాయి.

యంత్రం కంటే ముందు మన నీళ్ళు

ఎంత పెద్దది కొనాలన్నది మామూలు రోజును బట్టి కాక శనివారాన్ని బట్టి తేల్చుకోవాలి. తలంటు రోజున వాడకం ఒకటిన్నర రెట్లవుతుంది, చుట్టాలు దిగితే రెండు రెట్లవుతుంది. 200 లీటర్ల యంత్రం చల్లటి ట్యాంకును 55 డిగ్రీలకు తేవడానికి సుమారు మూడు గంటలు తీసుకుంటుంది. గీజరులాగా పావుగంటలో అందుకునే గుణం దానికి లేదు. అందువల్ల నిలవ ఎక్కువ ఉండాలి. నలుగురికి 150, ఆరేడుగురికి 200, పదిమందికి 300 లీటర్లు మన ఊరి అలవాట్లకు సరిపోతాయి. అంతకంటే పెద్దది కొంటే ట్యాంకు చల్లారడానికే కరెంటు కట్టవలసి వస్తుంది.

ట్యాంకు విషయంలో మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే ఇక్కడ యంత్రాలను తినేసేది బోరు నీళ్ళే. మా గీజరు కాయిలును ఒకసారి విప్పించినప్పుడు చూశాను. బొటనవేలు లావున తెల్లటి సున్నపు పెచ్చు కట్టి, తట్టితే గుడ్డు పెంకులా ముక్కలుగా రాలింది. ఆ పెచ్చు వల్ల వేడి నీళ్ళకు అందక కాయిలు లోలోపలే కాలిపోయింది. హీట్ పంపులో వేడిచేసే గోడ అంత మండే వేడిగా ఉండదు కాబట్టి సున్నం అంత వేగంగా కట్టదు, అయినా కట్టకుండా మానదు. నీళ్ళ పరీక్ష చేయించి మొత్తం కాఠిన్యం, క్లోరైడు, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) అనే మూడు అంకెలు తెచ్చుకోండి. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. క్లోరైడు విషయంలో ఆ హద్దులు 250, 1,000.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని అందరూ నమ్ముతారు. క్లోరైడు ఎక్కువున్న వేన్నీళ్ళలో 304 రకం స్టీలుకు అతుకుల దగ్గర సూదిమొనంత రంధ్రాలు పడతాయి. అలాంటి నీళ్ళకు 316ఎల్ రకం స్టీలో, లోపల గాజు పూత పూసి మెగ్నీషియం కడ్డీ వేలాడదీసిన ఉక్కు ట్యాంకో కావాలి. ఆ కడ్డీ తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. అందుకే దాన్ని ఏడాదికొకసారి విప్పి చూసి, అరిగిపోతే మార్చాలి. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే అన్నీ తీరుతాయని చెప్పేవాళ్ళుంటారు. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి సోడియంను పెడుతుంది, పెచ్చు కట్టడం ఆగుతుంది, కానీ క్లోరైడు ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మునిసిపల్ నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఆ నీళ్ళను వేన్నీళ్ళ ట్యాంకుకు మళ్ళించి, బోరు నీళ్ళను మిగతా వాడకానికి ఉంచుకోవడం అన్నిటికంటే మేలైన మందు.

యంత్రం లోపల తిరిగే రిఫ్రిజెరెంటు వాయువు గురించి రెండు మాటలు చాలు. ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32, ఆర్-290 అని యంత్రం మీద రాసి ఉంటుంది. వాతావరణాన్ని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడుతో పోలిస్తే ఆర్-410ఎకి 2,088 రెట్లు, ఆర్-134ఎకి 1,430, ఆర్-32కి 675, ప్రొపేన్ అయిన ఆర్-290కి సుమారు 3 అని లెక్కకట్టారు. ఇలాంటి వాయువుల వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం కింద మన దేశం 2032 నుంచి ఎక్కువ రెట్లున్న వాయువులను మెట్లుమెట్లుగా తగ్గించాలి, కాబట్టి పదేళ్ళ తరువాత గ్యాసు నింపించుకోవడం తేలికగా ఉండాలంటే తక్కువ రెట్లున్నదే తీసుకోవడం ముందుచూపు. ఆర్-290 మండే వాయువు కనుక ఆ యంత్రాన్ని ఆరుబయటే పెట్టాలి.

బిగింపు దగ్గర జరిగే తప్పులు

మా చిన్నమ్మ ఇంట్లో పదిమంది ఉంటారు. లెక్క ప్రకారం హీట్ పంపుకు సరిగ్గా తగిన ఇల్లు, కొన్నారు కూడా. బిగించడానికి వచ్చినవాళ్ళు వానకు తడవదని, ఎండ తగలదని మిద్దె మీది మెట్లగదిలో దాన్ని నిలబెట్టి తలుపు వేసి వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి నీళ్ళు వేడెక్కడానికి ఏడు గంటలు పడుతోందని, ఒక్కోరోజు తెల్లవారేసరికి గోరువెచ్చగా మాత్రమే ఉంటున్నాయని చిన్నమ్మ ఫోను చేసింది. నేను వెళ్ళి మెట్లగది తలుపు తీస్తే, శీతాకాలం రాత్రి ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ తెరిచినట్టు చల్లగాలి ముఖానికి కొట్టింది. గోడలు చెమ్మగిల్లి సున్నం ఉబ్బి ఉంది. యంత్రం గాలిలోంచి వేడిని తీసుకుని చల్లటి గాలిని వదులుతుంది. ఆ గదిలోకి కొత్త గాలి వచ్చే దారి లేదు, కాబట్టి తాను వదిలిన చల్లగాలినే మళ్ళీ పీలుస్తూ, లేని వేడికోసం గంటల తరబడి తిరుగుతోంది. 200 లీటర్లు కాచేటప్పుడు గాలిలోంచి లాగేది సుమారు 5 యూనిట్ల వేడి, అంటే ఒక టన్ను ఏసీ గంటన్నర నడిచినంత చల్లదనం ఒక చిన్న గదిలో పోగుపడుతోందన్నమాట. తలుపు తీసేసి ఇనుప గ్రిల్ పెట్టించి, చల్లగాలి బయటికి పోయేలా కిటికీ దాకా ఒక రేకు గొట్టం వేయించాక అదే యంత్రం మూడు గంటల్లో పని ముగించింది.

ఆరుబయట, పైన చిన్న రేకు నీడతో, వెనుక ఒక అడుగు, ఫ్యాను ఎదుట నాలుగైదు అడుగుల ఖాళీతో ఉంచడమే మంచిది. 200 లీటర్ల ట్యాంకు నిండితే యంత్రంతో కలిపి 280 కిలోల దాకా బరువు ఉంటుంది కాబట్టి శ్లాబు మధ్యలో కాక కింద బీము లేదా గోడ ఉన్నచోట, రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టాలి. లేకపోతే రాత్రి నిశ్శబ్దంలో ఆ చప్పుడు కింది పడకగదిలోకి దిగుతుంది. మే నెలలో మిద్దె మీది గాలి 43 డిగ్రీలు దాటితే కొన్ని యంత్రాలు తమంతట తామే ఆగిపోతాయి, దాన్ని చెడిపోవడంగా అనుకోనక్కరలేదు.

వేడి గొట్టాల విషయంలో చిన్నమ్మ ఇంట్లో రెండో తప్పు బయటపడింది. మిద్దె నుంచి కింది స్నానాలగదికి 18 మీటర్ల గొట్టం. నీళ్ళు ధారాళంగా రావాలని ప్లంబరు ఒక అంగుళం సీపీవీసీ గొట్టం వేశాడు, పైన ఏ తొడుగూ లేదు. అంత పొడవు గొట్టంలో ఏడున్నర లీటర్ల నీళ్ళు నిలబడి ఉంటాయి. తెల్లవారి మొదటగా కొళాయి తిప్పినవాళ్ళు చెంబుతో కొలిచి చూస్తే దాదాపు అరబకెట్ చన్నీళ్ళు పోయాకే వేడి తగిలింది, ఆ తరువాత గొట్టంలో మిగిలిన వేన్నీళ్ళు ప్రతిసారీ అక్కడే చల్లారిపోతున్నాయి. ముప్పావు అంగుళం గొట్టం వేస్తే అందులో నిలిచేది అయిదు లీటర్లలోపే. అందువల్ల ఇల్లు కట్టేటప్పుడే స్నానాలగదులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా, యంత్రం వాటి పైన వచ్చేలా చూసుకోవాలి. గొట్టానికి నల్లటి ఫోము తొడుగు వేసి, శేషాచలం పక్కనున్న వీధుల్లో అయితే దానిమీద రేకు కూడా చుట్టించాలి; కోతులు ఫోమును వారం రోజుల్లో పీకి పారేస్తాయి.

చన్నీళ్ళ ట్యాంకు అడుగు, వేన్నీళ్ళ ట్యాంకు నెత్తికంటే ఎత్తులో ఉండాలి. మన ఇళ్ళలో సింటెక్స్ ట్యాంకు మెట్లగది మీద ఉంటుంది కాబట్టి ఇది చాలాచోట్ల కుదురుతుంది. ప్రెషర్ పంపు పెడితే వేన్నీళ్ళకూ చన్నీళ్ళకూ ఒకే పంపు నుంచి ఒత్తిడి రావాలి, ఒక్కదానికే పెడితే షవర్ మిక్సరులో ఎక్కువ ఒత్తిడి ఉన్న నీళ్ళు రెండోదాన్ని వెనక్కి తోసేస్తాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది. 200 లీటర్ల నీళ్ళు 25 నుంచి 55 డిగ్రీలకు వేడెక్కేటప్పుడు రెండు లీటర్లకు పైగా ఉబ్బుతాయి. కింద నాన్ రిటర్న్ వాల్వు ఉంటే ఆ ఉబ్బిన నీళ్ళు వెనక్కి పోలేవు, పైనున్న సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలుగా కారతాయి. కారుతోందని ఆ వాల్వు మూతికి డమ్మీ, అంటే బిరడా, బిగించి లీకు ఆపేశామని చెప్పే ప్లంబర్లను నేను చూశాను. అలా బిగించిన ట్యాంకు పగిలే అవకాశమున్న వస్తువు అవుతుంది. ఆ చుక్కలు పడటానికి ఒక సన్నని గొట్టం పెట్టి మోరీలోకి వదలండి, వాల్వును మాత్రం ఎవరినీ మూయనివ్వకండి. ఇక విద్యుత్ విషయానికి వస్తే, మెయిన్ బోర్డు నుంచి వేరే తీగ, సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్), 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (షాకు కొట్టేలా కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగు తప్పనిసరి.

నీళ్ళను 50, 55 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు, 65 పెడితే యంత్రం అనవసరంగా శ్రమిస్తుంది. అయితే నిలవ నీళ్ళలో పెరిగే లీజియోనెల్లా అనే బాక్టీరియా చావడానికి వారానికొకసారి 60 డిగ్రీలకు తేవాలి. ఈ పని తానే చేసుకునే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంటుంది.

బిల్లు తగ్గలేదని చెప్పే ఇళ్ళలో నేను మొదట చూసేది యంత్రంలో ఉండే సహాయక కాయిలును. చాలా నమూనాల్లో 1,500 లేదా 2,000 వాట్ల గీజరు కాయిలు ఒకటి లోపల ఉంటుంది, త్వరగా వేడెక్కాలని ఎవరో ఒకసారి ఆ బటన్ నొక్కుతారు, తరువాత అది అలాగే ఉండిపోతుంది, అప్పటినుంచి ఇంట్లో లక్ష రూపాయల గీజరు నడుస్తున్నట్టే. దీన్ని ఎవరి సాయం లేకుండా కనిపెట్టవచ్చు. ఇంట్లో ఏసీలు, మోటారు ఆపి, ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు మీటరు అంకె రాసుకుని యంత్రాన్ని వేయండి, 55 డిగ్రీలు చూపగానే మళ్ళీ రాసుకోండి. 200 లీటర్లకు రెండు, రెండుంబావు యూనిట్లు తిరిగితే అంతా సరిగా ఉన్నట్టు, ఆరు దాటితే కాయిలు నడిచినట్టు, మధ్యలో ఉంటే గాలి దారినో, జాలీ మీది దుమ్మునో చూడాలి. మెట్లగదికి గ్రిల్ పెట్టించిన మర్నాడు చిన్నమ్మ ఇంట్లో ఇలాగే కొలిచాం; బావగారు టార్చి పట్టుకుని మీటరు దగ్గర నిలబడ్డారు, నేను పైన యంత్రం దగ్గర ఉన్నాను, తేడా 2.2 యూనిట్లు వచ్చింది.